తొట్టి చిన్నది, పాట పెద్దది

మా ఇంట్లో యే వస్తువు మొరాయించినా దానికి మూడు వైద్యాలు వున్నాయి. మొదటిది తట్టడం. రెండవది ఆపి మళ్ళీ వేయడం. మూడవది, "ఇది పాతబడిందండీ, కొత్తది కొందాం" అనడం. మొదటి రెండూ నావి, మూడవది మా శ్రీమతిది. మిక్సీ మొదలు గోడగడియారం దాకా మా ఇంటి సామానంతా ఈ మూడు మందులతోనే బతికింది, లేదా చచ్చింది. నిరుడు మా కంప్యూటరు దగ్గర మాత్రం మూడూ పారలేదు. అందువల్ల నాకు కొంత డబ్బూ, కొంత గర్వమూ, వాటికంటె విలువైనది మరొకటీ పోయాయి. ఆ మూడవదాని కోసమే ఈ వారం ఇది రాస్తున్నాను.

నేను అనంతపురంలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. జానపద గేయాల పాఠం వచ్చినప్పుడల్లా కపిల పాటల గురించి చెప్పడం నాకు అలవాటు. నిరుడు చెబుతూ వుంటే ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి, "కపిల అంటే ఆవు కదా సార్, ఆవు పాట పాడడమేమిటి?" అన్నది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వచ్చాక ఆ నవ్వు నిలవలేదు. తప్పు ఆ పిల్లది కాదు. కపిల తోలడం ఆ పిల్ల తండ్రి కూడా చూసి వుండడు.

ఆ పిల్లలాంటివారి కోసం నాలుగు మాటలు. బావి గట్టున గిలక, గిలకమీదుగా మోకు, మోకు చివర తోలు బాన. యెద్దులు వాలులో దిగుతూ వుంటే బాన నిండి పైకి వస్తుంది, వచ్చి గట్టుమీది తొట్టిలో కుమ్మరిస్తుంది. తొట్టినుంచి నీళ్ళు కాలువలో పడి మడికి పోతాయి. ఈలోగా యెద్దులు వెనక్కు నడిచి మళ్ళీ గట్టెక్కుతాయి. కోడికూతకు ముందు మొదలుపెడితే యెండ ముదిరేదాకా ఇదే పని. ఆ దిగుడుకూ, ఆ యెక్కుడుకూ తాళం వేసేది తోలేవాడి పాట. ఆయిల్ ఇంజన్లూ, కరెంటు మోటార్లూ వచ్చాక బానలు అటకెక్కాయి. వందల అడుగుల బోర్లు వచ్చాక బావులే యెండిపోయాయి. తోడడానికి నీళ్ళు లేనప్పుడు పాటతో పనేముంది?

మా పెద్దనాయనకు యెనభై నాలుగేళ్ళు. కల్యాణదుర్గం వైపు పల్లెలో వుంటాడు. పన్నెండో యేట కపిల యెక్కి, పెళ్ళయిన తరువాత కూడా తోలినవాడు. ఆయనకు ఒక పొడుగాటి పాట వచ్చు. దిగుడుకు దీర్ఘాలు, యెక్కుడుకు మాటలు. మా నాయన వున్న రోజుల్లో సగం సగం విన్నాను. పూర్తిగా యేనాడూ వినలేదు. ఇక ఆలస్యం చేయకూడదని ఒక మైకూ, మైకుకూ కంప్యూటరుకూ నడుమ వుండే ఆడియో ఇంటర్‌ఫేసు అనే చిన్న డబ్బా కొన్నాను. వొళ్ళో పెట్టుకునే కంప్యూటరు ఇంట్లో వుండనే వుంది. రీపర్ అనే రికార్డింగు ప్రోగ్రాము అందులో పెట్టించాను. పెట్టినవాడు, "గుక్క యెంత చిన్నదైతే అంత మంచిది సార్" అని దాన్ని 64 దగ్గర బిగించి వెళ్ళాడు. గుక్క అంటే యేమిటో నేను అడగలేదు. యెమ్మే చదివినవాడు అడగకూడని ప్రశ్నలు కొన్ని వుంటాయి!

మే నెలలో ఒక ఆదివారం పల్లెకు పోయాను. కరెంటు లేదు. పోనీలే, బ్యాటరీ వుంది కదా అనుకున్నాను. మంచం కోళ్ళ కిరకిర మైకులో పడుతుందని కంప్యూటరును నాలుగు మడతలు వేసిన బొంతమీద కూర్చోబెట్టాను. మా శ్రీమతి దానిమీద చెయ్యివేసి, "ఇదేమిటండీ, పెనంలాగా కాలుతోంది" అన్నది. "యంత్రమన్నాక కాలదా?" అని ఆమె నోరు మూయించాను. పెద్దనాయన గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, నలభై నిమిషాలు పాడాడు. తెరమీద అలలు అందంగా కదులుతూ వుంటే చూస్తూ కూర్చున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోవాలన్న ఆలోచనే రాలేదు.

"పట్టిందా అబ్బోడా నీ డబ్బా?" అన్నాడు చివర.

"పట్టింది పెద్దనాయనా."

ఇంటికి వచ్చి వింటే గుండె జారింది. పాట వుంది. కానీ పాట పొడుగునా యెవరో పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు వొలుస్తున్నట్టు పటపట, చిటపట. కొన్నిచోట్ల చప్పుడు కూడా లేదు. అర సెకను పాట అమాంతంగా మాయం! మేము పద్యంలో యతి తప్పితే యతిభంగమని విద్యార్థి మార్కులు కోస్తాం. ఇక్కడ యతీ ప్రాసా పాదమూ అన్నీ భంగమే.

తట్టాను. ఆపి మళ్ళీ వేశాను. చివరకు మా శ్రీమతి మందుకే వచ్చి, బజారుకు పోయి అడిగాను. "మెమరీ చాలదు సార్" అన్నాడు అంగడాయన. 8 గిగాబైట్లు వున్నదాన్ని 16 చేయించాను. మూడువేల చిల్లర వదిలింది. ఇంటికి తెచ్చి మా గోడగడియారం ముందు మైకు పెట్టి పట్టి చూస్తే, వేరుశెనక్కాయలు అలాగే వొలుస్తున్నారు.

ఆ రోజు మనసు కుదుటపడక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్క డబ్బు ఇవ్వకముందు వేసివుంటే బాగుండేది. కంప్యూటరు గొంతును అఖండంగా తీసుకోదు. సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కో అంకె 24 బిట్లు, అంటే 3 బైట్లు. కాబట్టి ఒక్క గొంతుకు సెకనుకు 1,44,000 బైట్లు, నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. గంట పాడినా 520 మెగాబైట్లకు మించదు. 8 గిగాబైట్ల మెమరీ వున్న యంత్రానికి ఇదొక బరువా? గాదె నిండా చోటు వుంచుకుని, గింజలు పట్టడం లేదని ఇంకొక గాదె కట్టించిన ఘనుణ్ణి నేను.

దసరా సెలవులకు నా పూర్వ విద్యార్థి ఒకడు బెంగుళూరునుంచి వచ్చి, పలకరించడానికి మా ఇంటికి వచ్చాడు. తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు. ఇప్పుడు కంప్యూటర్లతోనే అతని బతుకు. నా గోడు విని నవ్వాపుకుని, "సార్, సీసాలోంచి నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే చూడవలసింది మెడ. మీరు కడుపు పెద్దది చేయించారు" అన్నాడు.

"మెడ యెక్కడుందో తెలిసేదెలాగ?"

"ముందు గుక్క చూద్దాం."

అతను చెప్పింది నా మాటల్లో చెబుతాను. కంప్యూటరు ఆ 48,000 అంకెలనూ ఒక్కొక్కటిగా తీసుకోదు, గుక్కలుగా తీసుకుంటుంది. వచ్చిన అంకెలు ఒక తొట్టిలో నిండుతాయి. తొట్టి నిండగానే కంప్యూటరు వచ్చి తోడుకుపోవాలి. దీన్నే వారు బఫరు అంటారు. ఇది మన కపిల తొట్టి కాక మరేమిటి? తొట్టి 64 అంకెలదైతే సెకనులో వెయ్యింట సుమారు 1.3 వంతులో నిండిపోతుంది. ఆలోపల కంప్యూటరు రాకపోతే నీళ్ళు గట్టున పొర్లిపోయినట్టే. ఆ పొర్లిపోయిందే నాకు వినపడిన చిటపట. అదే తొట్టి 1,024 అంకెలదైతే 21 వంతుల వ్యవధి దొరుకుతుంది. కంప్యూటరు మధ్యలో ఇంకో పనిమీద పోయివచ్చినా మునిగేదేమీ లేదు.

నాకు అనుమానం తీరలేదు. తెరమీద పని యెంత జరుగుతున్నదో చూపే పట్టిక తెరిచి, "ఇదిగో, నూటికి పదిహేను వంతులే పనిచేస్తున్నది. యెనభై అయిదు వంతులు ఖాళీగా వుండి కూడా వేళకు రాకపోవడమేమిటి?" అన్నాను.

దానికి వాడు ఇచ్చిన జవాబుకు, అప్పట్లో తక్కువ వేసిన మార్కులన్నీ కలిపి ఇచ్చేయాలనిపించింది.

"సార్, మన అనంతపురానికి యేడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది లెక్క. కానీ వేరుశెనగ వూడలు దిగేటప్పుడు మూడువారాలు చినుకు లేక, కాయంతా పోయాక మూడు రోజుల్లో కుండపోతగా కురిస్తే? సగటు సరిగ్గానే వుంటుంది. పంట వుంటుందా?"

నిజమే. కరువు సీమలో పుట్టిన నాకు ఇది ఇంకొకరు చెప్పాలా? వాన యెంత అన్నది కాదు, అదనులో పడిందా లేదా అన్నదే ప్రశ్న. కంప్యూటరుకూ అంతే. దినమంతా ఖాళీగా వుండి, తొట్టి నిండిన ఆ ఒక్క క్షణంలో ఇంకోచోట వుంటే చాలు, పాట పోతుంది.

మరి ఆ క్షణంలో అది యెక్కడికి పోతున్నది? అది కనుక్కోవడానికి వాడు ఒక నియమం పెట్టాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చిన ప్రతిసారీ గడియారం చప్పుడు పది నిమిషాలు పట్టి, చిటపటలు లెక్కపెట్టాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే యేది మందో యేది పథ్యమో తెలియదు. పల్లెలో వున్నట్టే బ్యాటరీమీద, బొంతమీద పెట్టి మొదలుపెట్టాం. మొదటిసారి ముప్పయ్యొక్కటి.

బ్యాటరీ తీసి కరెంటుకు తగిలించి, పొదుపు పద్ధతి మాని పూర్తి శక్తితో నడిచేట్టు మార్చాడు. పధ్నాలుగుకు దిగాయి. బ్యాటరీమీద వున్నప్పుడు కంప్యూటరు శక్తి ఆదా చేసుకోవడానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుందట. కరెంటు లేని పల్లెలో నేను చేయించింది అర్ధాకలితో కపిల తోలించడమే.

తరువాత వైఫై ఆపాడు. అయిదుకు దిగాయి. లేటెన్సీమాన్ అనే సాధనం ఒకటి వుంది, యే భాగం కంప్యూటరును యెంతసేపు పట్టి వుంచుతున్నదో చూపిస్తుంది. అది ఈ దొంగను ముందే పట్టించింది. సిగ్నలు లేనిచోట వైఫై వూరుకోదు, వెతుకుతూనే వుంటుంది. వెతికిన ప్రతిసారీ కంప్యూటరు చెయ్యి పట్టుకుని లాగుతుంది. వైరస్‌లను కాపలా కాసే ప్రోగ్రామూ, తమంతట తాము దిగుమతి అయ్యే మార్పులూ ఇదే జాతివి. రికార్డు చేసే గంటసేపు వీటిని పక్కన పెట్టాలి.

ఆపైన గుక్కను 64 నుంచి 1,024కు పెంచాడు. చిటపటలు సున్న! నేను చప్పట్లు కొట్టబోయాను. "ఆగండి సార్, మీ పెద్దనాయన పాట పది నిమిషాలు కాదుగా" అని అలాగే వదిలేశాడు. ఇరవై అయిదో నిమిషం దాటాక మళ్ళీ ఒకటి, రెండు, నాలుగు.

అప్పుడు మా శ్రీమతి వంటింట్లోనుంచి, "నేను మే నెలలోనే చెప్పాను, అది పెనంలాగా కాలుతోందని" అన్నది. వాడు యంత్రాన్ని తిరగేసి అడుగు విప్పాడు. గాలి తోలే చిన్న పంకా నిండా మన యెర్రమట్టి దుమ్ము, దానికి తోడు బొంత నూగు. గాలిపోయే సందులను బొంత కింద అదిమిపెట్టినవాణ్ణి నేనే. వేడి ఒక హద్దు దాటగానే కంప్యూటరు తాను కాలిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. మన యెద్దులు మాత్రం యెండ నెత్తికెక్కాక అడుగు వేస్తాయా? మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, బొంత తీసి, కింద రెండు చెక్కముక్కలు పెట్టాం. గంటసేపు పట్టాం. గడియారం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఖర్చు సున్న.

ఇక్కడ పాఠకులలో సంగీతం తెలిసినవారు ఒక మాట అడుగుతారు. గుక్క పెద్దది చేస్తే ఇంత సుఖమైతే చిన్న గుక్క యెందుకు పుట్టింది? దానికీ కారణం వుంది. తొట్టి పెద్దదైతే నీళ్ళు కాలువ చేరడం ఆలస్యమవుతుంది. పాడేవారు హెడ్‌ఫోన్లలో తమ గొంతును కంప్యూటరు గుండా వింటూ పాడితే, పోయేటప్పుడు ఒక గుక్క, వచ్చేటప్పుడు ఒక గుక్క ఆలస్యం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 1,024 గుక్క అంటే 7 మీటర్ల దూరం, రెండు కలిస్తే 14 మీటర్లు. వీధి అవతల మృదంగం వాయిస్తూ వుంటే ఇవతల కూర్చుని తాళం కలిపినట్టు. మా అమ్మాయి తంబూరా శ్రుతి వింటూ పాడబోయి తడబడింది ఇందుకే. దీనికి విరుగుడు, గొంతును కంప్యూటరుదాకా పంపకుండా ఇంటర్‌ఫేసు డబ్బాలోనుంచే నేరుగా చెవికి ఇచ్చే మీట. చాలా డబ్బాలకు అది వుంటుంది. అది లేకపోతే పాడేటప్పుడు 128, 256 అని చిన్న గుక్క పెట్టుకోవాలి. పట్టడం అయిపోయి మెరుగులు దిద్దేటప్పుడు 1,024కో, 2,048కో పెంచుకోవాలి. మెరుగులంటే జ్ఞాపకం వచ్చింది. గుడిమంటపంలో పాడినట్టు ప్రతిధ్వని కలిపే హంగులు కంప్యూటరుకు మహా బరువు. పాటలోని ప్రతి వరసకూ ఒక్కొక్కటి తగిలించకుండా, ఒక్కదాన్నే అందరికీ పంచాలి. పని అయిపోయిన వరసలను ఫ్రీజ్ చేస్తే, అంటే ఫలితాన్ని ఒక్కసారి రాయించి పెట్టుకుంటే, బరువు దిగుతుంది. పెట్టిన ఆవకాయను మళ్ళీ రోజూ కలపం కదా!

యంత్రం పాటను శాసించడం కొత్తేమీ కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, గంటలు పట్టే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించి పాడవలసి వచ్చింది, పళ్ళెంలో అంతకు మించి చోటు లేదు గనుక. ఆమె ఆ ఇరుకును ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు పాట అల్లుకుంది. నేను ఇరుకు యెక్కడుందో కనుక్కోకుండా ఒక పెద్దాయన గొంతును దానిలోకి తోశాను. తేడా అంతా అక్కడే వుంది.

కార్తీకమాసంలో మళ్ళీ పల్లెకు పోయాను. చెక్కముక్కలు తీసుకుపోయాను. వైఫై ఆపాను. కరెంటు వున్న వేళ చూసుకుని తగిలించాను. ముందు పది నిమిషాలు వుత్తినే పట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. యంత్రం యేలోపమూ లేకుండా వుంది.

లోపం ఇటువైపు వచ్చింది. శ్రావణంలో జ్వరం తగిలి పెద్దనాయన నెల్లాళ్ళు మంచాన వున్నాడు. గొంతులో దీర్ఘం నిలవడం లేదు. అయినా పాడాడు. నలభై నిమిషాల పాట ఇరవై ఆరు నిమిషాలకే ఆగింది. నడుమ రెండు చరణాలు లేవు.

"పెద్దనాయనా, దాపటెద్దును బుజ్జగించే చరణాలు రెండు వుండల్ల కదా?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. "వుండల్ల. యాడికి పోయినాయో రానంటాండాయి నాయనా" అన్నాడు.

ఇప్పుడు ఆ రెండు చరణాలూ లోకంలో ఒక్కచోటే వున్నాయి. నా మే నెల రికార్డులో, ఆ వేరుశెనక్కాయల చప్పుడు నడుమ. రాత్రుళ్ళు కూర్చుని, ఒక్కో పాదం ఇరవైసార్లు విని, నోటుపుస్తకంలో రాసుకున్నాను. అన్నీ దొరికాయి, ఒక్క మాట తప్ప. ఆ మాట సరిగ్గా గుక్క తప్పినచోట పడింది. ముందూ వెనకా తాళం లెక్క కడితే అది మూడు మాత్రల మాట అని తెలుస్తున్నది. తెలుగులో మూడు మాత్రల మాటలకు కొదవా? అరడజను పెట్టి చూశాను, అన్నీ నప్పాయి. అందుకే యేదీ పెట్టలేదు.

మన జిల్లావాడే, అప్పటి అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారికి దీనికి తలకిందులైన కష్టం వచ్చింది. తిరుమల రాగిరేకులమీద అన్నమయ్య మాటలు వున్నాయి, రాగాల పేర్లు వున్నాయి. వరసలు మాత్రం లేవు. రాగి పాటలోని అక్షరాన్ని కాపాడింది, గొంతును కాపాడలేకపోయింది. శర్మగారు తమ విద్యంతా పెట్టి నూరుకు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. అంత విద్వాంసులు పూరించారు కాబట్టి అది నిలిచింది. నా దగ్గర గొంతు వుంది, వరస వుంది, అక్షరం పోయింది. పూరించే అర్హత నాకు లేదు. పుస్తకంలో ఆ చోట మూడు చుక్కలు పెట్టి వదిలేశాను.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు పెద్దనాయనకు ఆ పాదం చదివి వినిపించి, చుక్కల దగ్గర ఆగాను, యేమైనా జ్ఞాపకం వస్తుందేమోనని. ఆయన నా మొహంలోకి చూసి, పోయింది పాట కాదు, నేనే అన్నంత జాలిగా భుజం తట్టాడు.

"యేదో వొకటి పెట్టుకో అబ్బోడా. యెద్దులకేం తెలుస్తాది?"